నిండుకున్న పడవ

శేషమాంబ ఇంట్లో ఏ వస్తువూ అయిపోదు. బియ్యం నిండుకుంటాయి, నూనె నిండుకుంటుంది, ఆఖరికి వంటగ్యాసు కూడా నిండుకుంటుంది. దేవుడి దగ్గర దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మెళ్ళో తాడు తెగదు, పెరుగుతుంది. గడప దాటేవాళ్ళెవరూ వెళ్ళరు, వెళ్ళొస్తారు. తెలుగిళ్ళలో పెద్దవాళ్ళందరికీ ఈ అలవాటు కొద్దో గొప్పో ఉన్నదే గానీ, ఆవిడకి మరీ ఎక్కువ. ‘లేదు’ అనే మాట ఇంట్లో ఎవరి నోట వచ్చినా రెండు చెవులూ మూసుకుని ‘శ్రీరామ శ్రీరామ’ అనేది.

కొడుకు పేర్రాజు దీన్ని చాదస్తమని అందరి దగ్గరా చెప్పి నవ్వేవాడు. చిత్రమేమిటంటే, ‘లేదు’ అన్న మాట అతని నోటా ఎవరూ విని ఎరగరు. అది శుభాశుభాల పట్టింపుతో కాదు, చైర్మన్ విరూపాక్షయ్య మీది భయంతో. రాజమండ్రిలో గోదావరి గట్టున ఉన్న వాయుతరణి కంపెనీకి విరూపాక్షయ్య చైర్మన్, పేర్రాజు జనరల్ మేనేజరు. చైర్మన్ ఏమన్నా పేర్రాజు జవాబు ఒకటే, ‘ఆయ్’. గోదావరి జిల్లాల్లో ఆ ఒక్క మాటతో ఉద్యోగంలో చేరి, ప్రమోషన్లు కొట్టి, దండలు వేయించుకుని రిటైరైనవాళ్ళు ఉన్నారు. పేర్రాజు కూడా ఆ దారినే పడ్డాడు.

అలాగని అతను తెలివి తక్కువవాడేం కాదు. మన్యం కొండల్లో దొరికే ఒక నల్లరాయికి ఫలానా పద్ధతిలో కరెంటు తగిలిస్తే అది తన బరువు మరిచిపోతుందని కనిపెట్టినవాడు అతనే. బ్యాటరీలో ఛార్జి ఉన్నంతసేపూ రాయి గాలిలో తేలుతుంది, దానికి బిగించిన పడవా తేలుతుంది. ఛార్జి అయిపోతే రాయికి ఉన్నట్టుండి తన బరువు గుర్తొస్తుంది. పేర్రాజు చిన్నతనంలో అతని తండ్రి ఎక్కిన లాంచీ గోదావరిలో మునిగింది. తండ్రి తిరిగి రాలేదు. నీళ్ళని ముట్టుకోని పడవ చెయ్యాలన్న పట్టుదల అతనికి అప్పుడు పుట్టింది. దానికి ‘తేలుపడవ’ అని ముద్దుగా పేరు పెట్టుకున్నాడు.

ఆ పడవకి చుక్కాని ఉండదు, మీటలుండవు. మనిషి నోటితో చెబితే విని నడుచుకునే చెవి ఒకటి ఉంటుంది. రేవు దాటేవాళ్ళలో చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, చూపు ఆననివాళ్ళూ చేతులు వణికేవాళ్ళూ అందరూ ఉంటారు కనుక ఎవరైనా నడుపుకోగలగాలని పేర్రాజు కోరిక. ఆ చెవిని తయారుచేస్తున్న ఇంజనీరు హైమవతి. ఆమె సంతల్లో, రేవుల్లో, పెళ్ళి భోజనాల దగ్గర కూర్చుని జనం మాటలు పోగుచేసి ఆ చెవికి నేర్పేది. పని గట్టిదే గానీ మహా నిదానం. ‘చూద్దాం’ అంటే సరేననా, కుదరదనా అన్నది తేల్చడానికే ఏడాది పట్టించింది. చివరికి, పెళ్ళిసంబంధాల్లో ఒకరకంగానూ అప్పు అడిగినప్పుడు ఇంకోరకంగానూ ఉంటోందనీ, ఇంకా తేలాల్సింది ఉందనీ చెప్పింది.

నిదానానికి తోడు నోరు కూడా పెద్దదే. ఒకసారి చైర్మన్ మీటింగులో గంభీరంగా ఉపన్యసిస్తుంటే మధ్యలో చెయ్యెత్తి, “ఇందాకట్నుంచీ మీరు ఏమీ చెప్పలేదండి, ఇది మా చెవికి పెడితే తికమకపడిపోద్ది” అంది. ఆ రోజు నుంచి చైర్మన్‌కి హైమవతి జీతం మరీ ఎక్కువగా కనపడసాగింది.

ఆ తర్వాత చైర్మన్ ఏదో సదస్సుకి వెళ్ళి ‘ఔట్‌సోర్సింగ్’ అనే మాట పట్టుకొచ్చాడు. కష్టమైన పనులన్నీ చవకగా చేసేవాళ్ళకి అప్పగించి మనం చల్లగా కూర్చోవడమే నేటి ఇంజనీరింగని పేర్రాజుకి బోధించాడు. చెవి పని బయటికిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. చెవి అంటే అంగట్లో కొనే సామాను కాదని, ఇక్కడి మనుషుల మధ్య పెరగాల్సిందని చెప్పడానికే పేర్రాజు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ‘ఆయ్’ వచ్చింది.

హైమవతికి ఆ కబురు చెప్పే పని కూడా అతని నెత్తినే పడింది. ఉద్యోగం పోయిందని ఎదురుగా చెప్పడానికి నోరు రాక, తల్లి పెంపకం పుణ్యమా అని దొరికిన మెత్తటి మాట వాడాడు. “చెవి పనికి నిధులు నిండుకున్నాయండి” అన్నాడు.

హైమవతి అతన్ని ఎగాదిగా చూసింది. “ఎంత చక్కగా చెప్పారండి పేర్రాజు గారూ. ఈ ముక్క మాత్రం మీ కొత్త చెవి దగ్గర అనకండి, సంబరపడిపోద్ది.”

కడుపుమంటతో అంటోందనుకున్నాడు పేర్రాజు. ఆమె బ్యాగు సర్దుకుని, “పోతానండి” అని వెళ్ళిపోయింది. వెళ్ళొస్తాననలేదని అతను గమనించాడు గానీ, గమనించనట్టు కాగితాల్లో తల దూర్చాడు.

చెవి పనిని హైదరాబాదులో ఒక కంపెనీ తీసుకుంది. వాళ్ళు తమ వాటా ఉంచుకుని పుణెలో ఇంకొకళ్ళకిచ్చారు. వాళ్ళు తమ వాటా ఉంచుకుని సముద్రం అవతలికి పంపారు. అక్కణ్ణుంచి అది ఎటెటు వెళ్ళిందో పంపినవాళ్ళకే తెలీదు. చిట్టచివర నిజంగా పని చేసిన కుర్రాళ్ళెవరో గానీ వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. వాళ్ళకి ఒక్క తెలుగు మనిషినీ చూపించలేదు, ఓ పాత నిఘంటువు మాత్రం ఇచ్చారు. ఆ నిఘంటువు ఎలా చెబితే అలా, ఒక్క అక్షరం తప్పకుండా, నిజాయితీగా చేశారు.

చేతులు మారినకొద్దీ ఖర్చు తగ్గించడానికి తలా ఒకటి కత్తిరించారు. ఛార్జి చూపించే గేజి ఒక కంపెనీ వంతు, పడవ మెదడు ఇంకో కంపెనీ వంతు. ఆ రెంటినీ కలిపే తీగ ఎవరి ఒప్పందంలోనూ రాసిలేదు. అందరూ ఫోన్లలో తర్జనభర్జన పడి, పడవలో ఉన్నవాళ్ళే గేజి చూసి నోటితో చెబితే చాలదా, చెవి ఎలాగూ ఉంది కదా అని తేల్చారు. ఇంతకంటే తెలివైన పొదుపు ఉండదని చైర్మన్ మురిసిపోయాడు. తీగకి పెద్ద ఖర్చేమీ కాదని పేర్రాజుకి తెలుసు. అయినా ‘ఆయ్’ అన్నాడు.

పడవ పైడొప్ప కూడా ఆ చేతులన్నీ తిరిగే వచ్చింది. లారీ మీంచి దించి గోనెపట్టా తీసేసరికి దాని ముక్కు మీద, కొండి ఎత్తి కుట్టడానికి సిద్ధంగా ఉన్న పెద్ద నల్లతేలు బొమ్మ. ‘తేలు’ అన్నదానికి నిఘంటువులో వాళ్ళకి ముందు కనపడ్డ అర్థం అదే మరి. పేర్రాజు గోనెపట్టా మళ్ళీ కప్పబోయాడు. చైర్మన్ మాత్రం అటూ ఇటూ తిరిగి చూసి, గంభీరంగా ఉంది, ఉంచెయ్యమన్నాడు. వచ్చింది బొమ్మే కదా, బొమ్మ ఏం చేస్తుంది అని పేర్రాజు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. పేరే సరిగ్గా వినని చెవి మిగతావి ఏం వింటుందని అతనికి తట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది.

ప్రారంభోత్సవం పొద్దున్నే పెట్టుకున్నారు. రేవులో షామియానా వేశారు, పడవలో మాటలు గట్టు మీద అందరికీ వినపడేలా మైకులు కట్టారు. గట్టు మీంచి పేర్రాజు మాట్లాడితే పడవలోకి వినపడే ఏర్పాటు కూడా చేశారు. పడవని గట్టున ఇనుప గుంజకి తాడుతో కట్టి ఉంచారు. ఆ తాడు పొడవున్నంత ఎత్తుకి లేచి, జనానికి చెయ్యి ఊపి, మళ్ళీ దిగాలన్నది కార్యక్రమం. పడవకి ఇంకో నియమం ఉంది. బయల్దేరేటప్పుడు మొదట విన్న గొంతునే ఆ ప్రయాణానికి సరంగుగా పెట్టుకుంటుంది, తిరిగి గట్టు చేరేదాకా ఇంకొకరి మాట వినదు. పడవలో పదిమంది పది రకాలుగా చెబితే కష్టమని పేర్రాజు పెట్టిన నియమమది. ఆ మొదటి మాట చైర్మన్ అనాలి. ఆయన దానికోసం ఒక పెద్ద వాక్యమే బట్టీపట్టుకొచ్చి, పడవలో కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు.

శేషమాంబ పూజ కోసం పడవెక్కింది. ఇత్తడి ప్రమిదలో దీపం వెలిగించి ముందు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. తేలు కొండికి జడుస్తూ జడుస్తూనే దాని తలమీద బొట్టు పెట్టింది. పేర్రాజు గట్టు మీద మీట నొక్కాడు. చైర్మన్ తన వాక్యం కోసం ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే శేషమాంబ కళ్ళు మూసుకుని, “లే తల్లీ, చల్లగా బయల్దేరు” అంది.

‘సరంగు గుర్తింపబడెను’ అంది పడవ, నిఘంటువు తెలుగులో. గోదావరి మీద గాలిలోకి మెత్తగా లేచింది.

జనం చప్పట్లు కొట్టారు. పేర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పట్నుంచీ కన్న కల కళ్ళముందు లేచి నిలబడింది, అందులో అమ్మ కూర్చుని ఉంది. తాడు బిగిసింది, పడవ ఆగింది. తాడు కూడా చవకలోనే కొన్నారేమో, ఆ బిగువుకి పటుక్కున తెగింది.

“అయ్యో, తాడు పెరిగిందిరా అబ్బాయ్” అంది శేషమాంబ.

‘తాడు పెరిగినది. ఇంకను ఎత్తునకు పోవచ్చును’ అని పడవ రెట్టింపు ఎత్తుకి లేచింది.

పైన గాలి జోరుగా ఉంది. ప్రమిదలో ఒత్తి ఒక్కసారి రెపరెపలాడి పొగ వదిలింది. శేషమాంబ నొచ్చుకుని, “దీపం కొండెక్కిందే” అనుకుంది పైకే.

‘దీపము కొండ ఎక్కినది. దీపమును అనుసరింతును’ అని పడవ ఉత్తరానికి తిరిగి కోరుకొండ దారి పట్టింది. కోరుకొండ నరసింహస్వామిని చూసి చాన్నాళ్ళయిన శేషమాంబ, స్వామే పిలిచాడని రెండు చేతులూ జోడించింది. చైర్మన్ పడవ అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు.

అంత ఎత్తుకి లేస్తే బ్యాటరీ ఎంత తింటుందో అందరికన్నా పేర్రాజుకే తెలుసు. మైకు లాక్కుని, గేజిలో ముల్లు ఎక్కడుందో చూడమని తల్లిని అడిగాడు.

“ఎర్రరంగు మీదుందిరా. నిండుకుంది” అంది శేషమాంబ.

‘ఛార్జి నిండుకున్నది. మిగుల సంతోషము. వేగము పెంచెదను’ అంది పడవ. ఎర్రరంగు గురించి దానికి ఎవరూ చెప్పలేదు.

చైర్మన్ ఇక ఉండబట్టలేక, “నిండుకోలేదమ్మా, అయిపోయింది. అయిపోయిందని చెప్పండమ్మా దానికి” అని బతిమాలాడు. శేషమాంబ ఆయన వంక కోపంగా చూసింది. ఎక్కిన బండిలో కూర్చుని అలాంటి మాటలనకూడదని మందలించి, నోట్లో ఏదైనా ఉంటే మాట ఆగుతుందని ఓ కొబ్బరిముక్క చేతిలో పెట్టింది. కోట్ల కంపెనీకి చైర్మనైన మనిషి, కిమ్మనకుండా ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

పేర్రాజు హైదరాబాదుకి ఫోన్ చేశాడు. వాళ్ళు పుణె అన్నారు. పుణె వాళ్ళు సముద్రం అవతలి నంబరిచ్చారు. అక్కడ చాలాసేపు పాట వినిపించాక ఎవరో ఎంతో మర్యాదగా, నిండుట అంటే నిండుటేనని, చెవి ఒప్పందం ప్రకారమే పనిచేస్తోందని, తమ సేవ మీద అభిప్రాయం చెప్పమని అడిగారు.

ఫోన్ విసిరేసి తలెత్తితే ఎదురుగా హైమవతి ఉంది. చేతిలో వేరుశనక్కాయల పొట్లం. “చూడ్డానికి టిక్కెట్టేం పెట్టలేదు కదాండి, వచ్చాను” అంది. పేర్రాజుకి అప్పుడు పరువూ గిరువూ గుర్తు రాలేదు. అమ్మ పైనుందని మాత్రం అనగలిగాడు. హైమవతి పొట్లం పక్కన పడేసి మైకు దగ్గరికొచ్చింది.

ముందు తేలిక దారులన్నీ చూశారు. తిరగమని చెప్పించారు. పడవ ఉన్నచోటే బొంగరంలా తిరిగింది, చైర్మన్ కొబ్బరిముక్క బయటికొచ్చింది. వెనక్కి పదమన్నారు. వీపు కోరుకొండకి పెట్టి కోరుకొండకే పోయింది. దిగమన్నారు. ‘రేవు కాని చోట దిగరాదు’ అంది. పోనీ రేవుకి పదమంటే, ‘రేవులు పెక్కు కలవు, ఏ రేవు?’ అని అడిగి, రాజమండ్రి రేవని చెప్పేలోగా, ‘దీపము దొరికిన పిమ్మట ఆలోచింతము’ అని మాట ముగించేసింది.

“మీ అమ్మగారి మాటల్ని అది అక్షరాలా నమ్ముతోందండి” అంది హైమవతి. “ఒక్కటే దారుంది. ఛార్జి లేదని సరంగు చెబితే, ఏ పనిలో ఉన్నా మానేసి బయల్దేరిన చోటికి వచ్చెయ్యాలి. అది నేను రాసింది. మార్చాలంటే ఖర్చవుద్ది కాబట్టి ఎవరూ ముట్టుకుని ఉండరు. ‘లేదు’ అన్న ఒక్క మాట అనిపించండి చాలు.”

పేర్రాజు మైకు పట్టుకున్నాడు. “అమ్మా, నా మాట విను. ఛార్జి లేదు అను. ఒక్కసారి అంటే చాలు.”

పైనుంచి గాలి హోరు మాత్రం వినపడింది. మళ్ళీ అడిగాడు. ఈసారి కొంచెం కసిరాడు కూడా.

“అనలేన్రా” అంది శేషమాంబ. “నీ దగ్గర ఇన్నాళ్ళూ దాచాను. మీ నాన్న లాంచీ ఎక్కిన పొద్దున కాఫీ అడిగారు. ఏదో కోపంలో ఉన్నాను. పాలకి ఆ మాటే అనేసి, పొండి అన్నాను. వెళ్ళిరండి అనాల్సింది. పొండి అన్నాను. ఆయన పోయారు. ఆనాటి నుంచీ ఆ మాట నా నోటికి రాదురా. ఇప్పుడూ ప్రయత్నం చేశాను. నోరు పెగలనంటోంది.”

ఇన్నేళ్ళూ ఆ నిండుకోవడాలనీ కొండెక్కడాలనీ నలుగురిలో చెప్పి నవ్వినందుకు పేర్రాజుకి తల కొట్టేసినట్టయింది. హైమవతి లాంటి హైమవతి కూడా కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది.

“వద్దులేమ్మా. అనకు. నేనే ఏదో ఒకటి చేస్తాను” అన్నాడు పేర్రాజు. చెయ్యడానికి అతని చేతిలో ఏమీ లేదని అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

దూరంగా పడవ చిన్న చుక్కలా కనిపిస్తోంది. కాసేపటికి శేషమాంబ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి నెమ్మదిగా, ఊరెళ్ళే ముందు అప్పగింతలు పెడుతున్నట్టు మాట్లాడింది.

“ఒరేయ్, ముల్లు కదలడం మానేసింది. చైర్మన్ గారు నా కొంగు పట్టుకుని ఏడుస్తున్నారు, నేను చూసుకుంటాలే. నువ్వు వేళకి తిను. బీపీ మాత్ర మర్చిపోకు. ఈ పడవ నీకోసం కాదు, మీ నాన్న కోసం చేశావని నాకు తెలుసురా. మంచి పడవే. మరి, వెళ్ళొస్తాను నాయనా.”

ఇక తిరిగిరానని తెలిసి కూడా అమ్మ ‘పోతున్నాను’ అనలేదు. పేర్రాజు మైకు వదిలేసి, అందరూ చూస్తుండగానే, మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మైకులో కరకరమని చప్పుడైంది.

‘వెళ్ళి వచ్చెదను’ అంది పడవ, తనలో తాను చదువుకుంటున్నట్టు. ‘వెళ్ళుట అయినది. వచ్చుట మిగిలినది.’

దూరాన ఆ చుక్క ఆగింది. మెల్లగా ఒక పక్కకి ఒరిగి, మొహం ఇటు తిప్పింది. చుక్క పెద్దదైంది. ముందు తేలు కొండి కనపడింది, తర్వాత తెల్లచీర కనపడింది, ఆ చీర కొంగు పట్టుకున్న చైర్మన్ కనపడ్డాడు. జనం గట్టు మీంచి నీళ్ళలోకి దిగిపోయారు. రేవు ఇంకా కొంచెం దూరం ఉందనగా రాయికి తన బరువు గుర్తొచ్చింది. పడవ మోకాలి లోతు నీళ్ళలో దబ్బున పడి, బురద చిమ్మి, కుదురుగా కూర్చుంది.

పేర్రాజు పరుగెత్తుకెళ్ళి తల్లిని రెండు చేతులా ఎత్తి గట్టుకి తెచ్చాడు. ఆవిడ చేతిలో ప్రమిద వదల్లేదు. “ఏడుస్తావేంట్రా, వెళ్ళొస్తానన్నాను, వచ్చాను” అంది.

హైమవతి తల అడ్డంగా ఊపింది. “నాకూ తట్టలేదండి ఆ ‘వెళ్ళొస్తాను’ మాట. ఇన్నేళ్ళూ మాటలే పోగేశాను” అని ఒప్పుకుంది. ఆమె నోట ఓటమి లాంటిది వినడం పేర్రాజుకి అదే మొదలు.

ఈలోగా చైర్మన్‌ని ఎవరో ఒడ్డుకి చేర్చి భుజాల మీద తువ్వాలు కప్పారు. వేడి టీ తాగాక ఆయనకి ప్రాణం, ఆ వెంటే పాత బుద్ధి తిరిగొచ్చాయి. పేర్రాజుని దగ్గరికి పిలిచాడు. ఆ హైదరాబాదు వాళ్ళని వెంటనే మార్చెయ్యమన్నాడు. వీళ్ళకంటే చవకగా చేసేవాళ్ళు నిన్ననే ఫోన్ చేశారట, పడవ మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తే పీడా పోతుందన్నాడు. “హైమవతి లాంటి వాళ్ళతో వేగలేమయ్యా. ఏమంటావ్?”

అలవాటుగా పేర్రాజు నోరు తెరుచుకుంది. ఎదురుగా తల్లి తడిసిన కొంగు పిండుకుంటోంది.

“లేదండి” అన్నాడు.

చైర్మన్‌కి సరిగ్గా వినపడలేదేమో, చెవిలో నీళ్ళు దులుపుకున్నాడు.

“లేదండి. ఇంక కుదరదండి. హైమవతి గారి చెవి లేకుండా ఆ రాయికి కరెంటు తగిలించేది లేదు. ఎలా తగిలించాలో నాకు తప్ప ఎవరికీ తెలీదు కూడానండి.”

గుక్క తిప్పుకోకుండా అన్నన్ని ‘లేదు’లు ఒక్కసారే అనేసరికి పేర్రాజుకే కళ్ళు తిరిగినట్టయింది. వెనకాల నుంచి తల్లి ‘శ్రీరామ శ్రీరామ’ అంటుందని చూశాడు. అనలేదు. చైర్మన్ చాలాసేపు టీ కప్పులోకి చూసి, కొబ్బరిముక్క పెట్టిన చేతినీ, పట్టుకు ఏడ్చిన కొంగునీ తలుచుకున్నాడో ఏమో, “సర్లేవయ్యా” అన్నాడు.

పేర్రాజు హైమవతి దగ్గరికెళ్ళి మళ్ళీ పనిలోకి రమ్మని అడిగాడు.

“మరి నిధులు నిండుకున్నాయన్నారు?” అంది.

“నిండుకోలేదండి. ఉన్నాయి. అబద్ధం చెప్పాను.”

“చూద్దాం లెండి” అంది హైమవతి. అది సరేననా, కుదరదనా అని పేర్రాజు ఆమె మొహంలోకి వెతికాడు. ఏడాది పరిశోధించిన మనిషికే తేలని మాట, అతనికేం తేలుతుంది. ఆమె వేరుశనక్కాయల పొట్లం మళ్ళీ తీసుకుని మెట్లెక్కి, పై మెట్టు మీద ఆగి, “వెళ్ళొస్తానండి” అంది. పేర్రాజు ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక శేషమాంబ స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. పేర్రాజు హాల్లో కూర్చుని, అమ్మ లోపల గిన్నెలు కదుపుతున్న చప్పుడే పాటలా వింటున్నాడు. ఫ్రిజ్ తెరిచిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అతను లేచి వెళ్ళి చూస్తే, ఆవిడ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“అబ్బాయ్” అంది. ఒకసారి దేవుడి గూటి వంక చూసి, “పాలు లేవురా” అంది.

దీపం నిశ్చలంగానే వెలుగుతోంది. వీధిలో ఎవరో స్కూటర్ హారన్ కొట్టుకుంటూ పోయారు.

“తెస్తానమ్మా” అన్నాడు పేర్రాజు. చెప్పులేసుకుని, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి, “వెళ్ళొస్తాను” అన్నాడు.

పాలకొట్టు వీధి మలుపులోనే ఉంది. అయినా అతను ప్యాకెట్టు పట్టుకుని తిరిగొచ్చేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.